రుచి చూడని అప్పన్న

టాటానగర్ మీదుగా బండ్లు నడిపిన డ్రైవర్లలో అప్పన్న చేతి తిండి తినని వాళ్లు తక్కువ. అదే అప్పన్న సొంత ఇంట్లో మాత్రం, పెళ్లయిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా ఒక్కటంటే ఒక్కసారే పొయ్యి దగ్గరికి వెళ్లాడు. ఆ ఒక్కసారీ మాట పడ్డాడు. మళ్లీ అటు తొంగి చూడలేదు.

అతని ఉద్యోగం రైల్వే రన్నింగ్ రూమ్‌లో వంట. బండి దిగిన డ్రైవర్లూ గార్డులూ మళ్లీ బండి ఎక్కేలోగా నడుం వాల్చి, ఇంత తిని పోయే చోటు అది. అక్కడి వంట హోటలు వంట కాదు. ఎవరి సరుకు వాళ్లే తెచ్చుకుంటారు. ఒకడు గుడ్డలో మూట కట్టిన బియ్యం, కందిపప్పు ఇస్తాడు. ఇంకొకడు రెండు గుడ్లూ ఒక ఉల్లిపాయా చేతిలో పెడతాడు. మరొకడు ఇంటి దగ్గర భార్య కడిగి ఉప్పూ పసుపూ పట్టించిన చేపముక్కలు డబ్బాతో సహా అందిస్తాడు. వంటవాడు వాటిని కలపకూడదు. ఒకడి పప్పులో గరిటె ఇంకొకడి కూరలో పడకూడదు. అందుకని పొయ్యి మీద ఎప్పుడు చూసినా చిన్నచిన్న గిన్నెలు. ఏ గిన్నె వంట ఆ గిన్నెదే, ఏ గిన్నె ఉప్పు ఆ గిన్నెదే.

ఇంకో నియమం కూడా ఉంది. ఇది రైల్వే పెట్టింది కాదు, అప్పన్నకి వంట నేర్పిన వెంకటరావనే పెద్దాయన పెట్టింది. వంటవాడు రుచి చూడకూడదు. మనిషి ఆకలితో వస్తాడు, తన సరుకు మనల్ని నమ్మి ఇస్తాడు, అందులోంచి గరిటెడు మన నోట్లో పోసుకుంటే అది ఎంగిలీ అవుతుంది, దొంగతనమూ అవుతుంది అని ఆయన చెప్పాడు. అప్పన్న ఆ మాట పట్టుకున్నాడు, పట్టుకున్నది వదిలే రకం కాదు. పప్పు ఉడికిందో లేదో శబ్దాన్ని బట్టి చెప్పేవాడు, ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పేవాడు. ఉప్పు వాసన ఆవిరిలో ఎలా వస్తుందని అడిగితే అతనే చెప్పలేడు. వస్తుందంతే. ఏళ్ల తరబడి ఎవరూ తిట్టలేదు గనక వచ్చిందనే అనుకోవాలి.

ఇంట్లో మాట పడిన సంగతి చెప్పాలి. కూతురు బిందుప్రియ పుట్టినప్పుడు భార్య నూకమ్మ పచ్చి బాలింత. తోడుగా రావలసిన మనిషి బండి అందక రాలేదు. అప్పన్నే పప్పు వండి, బంగాళదుంప వేపుడు చేసి పట్టుకెళ్లాడు. నూకమ్మ రెండు ముద్దలు తిని నవ్వింది. ఇది రన్నింగ్ రూమ్ కూడు, బండెక్కి పోయేవాళ్లకి సరే, ఇంట్లో ఉండే మనిషికి కాదు అంది. నవ్వులాటకన్న మాట. ఆమె అప్పుడే మరిచిపోయింది. అప్పన్న మరవలేదు. ఆడవాళ్లు అలిగితే పూటలో తేలిపోతుంది, ఇలాంటి మగవాళ్ల అలక మాత్రం పెన్షను దాకా నడుస్తుంది. పైకి ఏమీ అనలేదు, వంటగది వైపు వెళ్లడం మానేశాడంతే. నూకమ్మ చేతి వంట కమ్మగా ఉంటుంది కాబట్టి అలగడం వల్ల అతనికి నష్టమూ లేదు.

ఇలా సాగిపోతుండగా, బిర్సానగర్‌లో సొంత ఇల్లు వేసుకుని రైల్వే క్వార్టర్ ఖాళీ చేసిన రెండో ఏడు నూకమ్మకి గొంతులో గడ్డ లేచింది. పరీక్షలు చేసి, మంచిది కాదన్నారు. కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. పెట్టినన్నాళ్లూ అప్పన్న ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. గడ్డ కరిగింది, డాక్టర్లు బాగానే ఉందన్నారు. కాని నోట్లో తడి ఆరిపోయింది. కారం తగిలితే నిప్పు పెట్టినట్టే, పులుపు తగిలినా అంతే. ఉత్తరాంధ్ర మనిషికి కారమూ పులుపూ తీసేశాక పళ్లెంలో మిగిలేదేమిటి? మనిషి రోజురోజుకీ సన్నబడిపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఆమధ్య చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు తూకం చూసి ముఖం చిట్లించాడు. ఈసారి వచ్చేటప్పటికి బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పోయాలి, వేరే దారి లేదన్నాడు. కరెంటు పెట్టించుకున్న రోజుల్లో వార్డులో గొట్టంతో కూర్చున్న ఒకావిడని నూకమ్మ రోజూ చూసేది. ఆవిడ ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఎవరైనా చూస్తే ముఖం కొంగుతో కప్పుకునేది. ఆటోలో ఇంటికి వస్తూ నూకమ్మ బయటికి చూస్తూనే చెప్పింది.

"నాకు గొట్టం ఎట్టనియ్యొద్దు బావా. ఎలాగైనా తింతాను గాని, అది మాత్రం వద్దు."

తింటానని అనడమే గాని తినలేకపోయేది. ఆమె జబ్బు పడ్డప్పటి నుంచీ ఇల్లు నడపడానికి అప్పన్నే దిక్కు. బిందుప్రియ బిష్టుపూర్‌లో ఒక కేఫ్ కౌంటర్‌లో పని చేస్తుంది, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వస్తుంది. అందుకని అన్నేళ్ల తర్వాత అప్పన్న మళ్లీ గరిటె పట్టాడు. పెసరపప్పు మెత్తగా ఉడికించి పెట్టాడు. ఆనపకాయ పాలు పోసి వండాడు. చోడిజావ, అదే రాగిజావ, కాచాడు, నెయ్యి వేసి అన్నం మెదిపాడు. నూకమ్మ ముద్ద నోట్లో పెట్టుకునేది, కాసేపు అలాగే ఉంచుకునేది, కళ్లలో నీళ్లు తిరిగేవి, పళ్లెం పక్కకి జరిపేది. ఏమైందంటే సయించట్లేదు అనేది. అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు.

నోటి రుచి కొన్నాళ్లు పాడవుతుందని డాక్టరు చెప్పినట్టు బిందుప్రియ ఇంట్లో చెప్పింది. జ్వరం వచ్చి తగ్గాక నోరు చేదుగా ఉంటుంది కదా, అలాంటిదే కాబోలు అనుకున్నాడు అప్పన్న. కాని లోపల్లోపల అతని అనుమానం వేరు. జబ్బు సగం, తన చెయ్యి సగం. బాలింతగా ఉన్నప్పుడు నవ్వుతూ అన్న మాట ఇప్పుడు నోరు విప్పి అనలేక పళ్లెం జరుపుతోందని అతనికి దిగులు పట్టుకుంది. ప్రతి పూటా జరిపిన ఆ పళ్లెం తీసుకెళ్లి వంటగదిలో నిలబడేవాడు. వేలమంది తిన్న తిండి ఈ ఒక్క మనిషి గొంతు దిగదేమని కోపం వచ్చేది, ఆ మనిషి సన్నబడ్డ మణికట్టు గుర్తొచ్చి కోపం పోయేది, భయం మిగిలేది.

బిందుప్రియకి సెలవు దొరికిన ఒకరోజు తల్లీకూతుళ్లు మంచం మీద కూర్చుని ఫోన్లో వంటల వీడియోలు చూస్తున్నారు. తినలేని మనిషికి ఇవెందుకని అప్పన్న విసుక్కున్నాడు గాని, నూకమ్మకి అదే కాలక్షేపం. ఒక వీడియోలో ఎవరో విదేశీ ఆవిడ బోలెడు ఉల్లిపాయలు నిలువుగా తరిగి, వెన్నలో వేసి, ఎంతసేపూ కలుపుతూనే ఉంది. తెల్లగా ఉన్నవి పసుపు రంగుకి వచ్చి, చివరికి బెల్లంపాకం రంగు తిరిగాయి. తర్వాత మందపాటి మాంసం ముక్క పెనం మీద రెండు వైపులా కాల్చి, పల్చగా కోసి, క్రీమూ చీజూ పోసి, ఉడికించిన పాస్తా అందులో కలిపింది. నూకమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఇది నాను తింతాను," అంది.

ఇంట్లో తిండి పేరు తనంతట తాను ఎత్తి ఎన్ని నెలలైందో. బిందుప్రియ గబగబా చెప్పుకుపోయింది. వాళ్లక్కడ గొడ్డుమాంసంతో చేస్తారు, దాన్ని స్టేక్ అంటారు, మనింట్లో అది కుదరదు, ఖస్సీ, అంటే మేకపోతు, తొడమాంసం పల్చగా కోయించి చేసుకోవచ్చు. కారం లేదు, పులుపు లేదు, క్రీము కాబట్టి ఆరిన గొంతులో జారిపోతుంది. అమ్మ దీన్ని కోరడంలో అర్థం ఉందని ఆ పిల్లకి అనిపించింది. తమ కేఫ్‌లో ఇలాంటిదే చేస్తారు, రేపు పార్సెల్ తెస్తానంది. నూకమ్మ తల అడ్డంగా ఊపింది. బయటిది వద్దు, ఇంట్లోనే కావాలి, మీ నాన్నని చెయ్యమను అంది.

అప్పన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. సంతోషించాలో బెదిరిపోవాలో తెలియలేదు. పప్పే తినని మనిషికి పేరు కూడా నోరు తిరగని వంట తను చేసి మెప్పించాలా? అయినా చేస్తానన్నాడు.

పాస్తా, క్రీము, చీజు బిందుప్రియ మర్నాడు సాయంత్రం వస్తూ బిష్టుపూర్‌లో కొనుక్కొచ్చింది. మాంసం పని అప్పన్నది. తెల్లారి భాలుబాసా బజారుకి వెళ్లి, ఎప్పుడూ కొనే సునీల్ కొట్టు ముందు నిలబడ్డాడు. సునీల్‌కి కూరముక్కలు కొట్టడమే అలవాటు. ఎముక లేకుండా, తొడలోంచి, కండ పొరకి అడ్డంగా, అరచెయ్యంత పల్చని ముక్కలు కావాలంటే కత్తి పక్కన పెట్టి, కబాబులకా అని అడిగాడు. భార్యకి, గొంతు జబ్బు, ఇంగ్లీషు వంట అని అప్పన్న వివరించాడు. సునీల్ ఇంకేమీ అడక్కుండా లేతది చూసి కోశాడు. పచ్చి బొప్పాయి నూరి పట్టించు, చిన్నపిల్లలైనా నమిలేస్తారని సలహా కూడా ఇచ్చాడు.

బిందుప్రియ డ్యూటీకి వెళ్లబోతూ పద్ధతంతా మళ్లీ అప్పజెప్పింది. ఉల్లిపాయల దగ్గర మాత్రం తొందర పడొద్దు, మంట పెంచితే మాడతాయి తప్ప తీపెక్కవని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పాస్తా ఉడికే నీళ్లలో ఉప్పు ధారాళంగా వెయ్యమని కూడా చెప్పింది. అప్పన్న తలూపాడు. ఇంత వంట చేసినవాడికి ఉప్పు సంగతి ఇంతకంటే చెప్పడం బాగుండదని ఆ పిల్ల ఊరుకుంది.

పొయ్యి మీద మూకుడు పెట్టి, వెన్న వేసి, ఉల్లిపాయలు పోశాడు. చిటికెడు ఉప్పు చల్లాడు. అవి చుయ్యిమని, తర్వాత మెత్తబడి ఊరుకున్నాయి. అక్కడి నుంచి అతనికి తోచలేదు. జీవితమంతా అతను వండింది పరుగు మీద. డ్రైవరు నిద్రలో ఉండగానే కాల్ వస్తుంది, ఫలానా బండి సిద్ధమని. ఆ మనిషి ముఖం కడుక్కుని వచ్చేలోగా పళ్లెంలో వేడివేడి అన్నం ఉండాలి. ఉల్లిపాయ ఎర్రబడేదాకా ఆగిన రోజు అతనికి గుర్తు లేదు. పచ్చివాసన పోతే చాలు, నీళ్లు పోసెయ్యడమే. ఇప్పుడు వెనక ఎవరూ తరమడం లేదు. అయినా చెయ్యి మాటిమాటికీ స్టౌ మీట వైపు పోతోంది.

"సిమ్ములో ఉండనీ బావా. దాన్ని దాని మానాన వదిలెయ్యి."

వెనక్కి తిరిగి చూస్తే నూకమ్మ వంటగది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ అతను వండుతుంటే ఆమె లోపల గోడవైపు తిరిగి పడుకునేది. ఈరోజు లేచి వచ్చింది. అప్పన్న పీట వాల్చుకుని మూకుడు పక్కనే కూర్చున్నాడు. పక్కింటివాళ్ల కుక్కర్ కూసింది. ఉల్లిపాయలు అంచుల్లో రంగు తిరుగుతున్నాయి. వండే చోట తామిద్దరూ ఇలా ఊరికే కూర్చోవడం ఇదే మొదలని అప్పన్నకి తట్టింది. తను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంట అయిపోయి ఉండేది, తినేసి పడుకునేవాడు. ఆ వంట ఎంతసేపు పట్టేదో, అంతసేపూ ఆమె ఒక్కతీ ఏం ఆలోచించుకునేదో అతనికి తెలియదు. ఎన్నడూ అడగలేదు కూడా. అడగనందుకు ఇప్పుడు మనసు చివుక్కుమంది.

ఉల్లిపాయలు పాకం రంగుకి వచ్చాక దించి, మిగతా పని తన పద్ధతిలో చేశాడు. బొప్పాయి పట్టించిన మాంసానికి దాని ఉప్పు దానికి వేసి, ఇనప పెనం మీద రెండు వైపులా కాల్చి, మూతపెట్టి కాసేపు మగ్గనిచ్చి, నూకమ్మ నమలగలిగేంత సన్నగా కోశాడు. పాస్తా నీళ్లలో ఉప్పు ధారాళంగా వేశాడు. క్రీము వేడి చేసి, చీజు కలిపి, దానికి కావలసింది దానికి వేశాడు. నాలుగు గిన్నెలు, ఏ గిన్నెకి ఆ గిన్నె సరిగ్గా కుదిరింది. ఆవిరి వాసన చూసి అప్పన్నకి నమ్మకం కలిగింది. తర్వాత నాలుగూ ఒకదాంట్లో కలిపేశాడు. రన్నింగ్ రూమ్‌లో ఎన్నడూ చెయ్యని పని అదొక్కటే.

స్టీలు పళ్లెంలో పెట్టి, చెంచా వేసి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి, ఆమె ముఖం చూడలేక గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. నూకమ్మ మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. పళ్లెం జరిపిన చప్పుడు రాలేదు. గుటక పడిన చప్పుడు వచ్చింది. నీళ్లు తాగింది. మళ్లీ చెంచా ముంచింది. ఆగుతూ ఆగుతూ, మధ్యలో నీళ్లు తాగుతూ, పళ్లెం అడుగు కనబడేదాకా తింది. కళ్లు చెమర్చాయి గాని ఈసారి ఆపలేదు.

"బాగుంది బావా," అంది.

అప్పన్న గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఒక్కొక్క గిన్నె అవసరానికి మించి తోమాడు. అరవై దాటిన మనిషి, ఎవరైనా చూస్తే బాగుండదని ముఖం మీద కూడా నీళ్లు చల్లుకున్నాడు. ఇంక గొట్టం అక్కర్లేదు. ఆమెకి తన చేతి వంట పడింది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ సంతోషమని అడిగితే, పాపం, సిగ్గుపడకుండా చెప్పగలిగేవాడు కాదు. మూకుట్లో మిగిలింది తను ముట్టుకోలేదు. కూతురు వస్తే రుచి చూస్తుందని మూత పెట్టి, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకు తిన్నాడు.

సాయంత్రం బిందుప్రియ వస్తూనే విషయం విని, చెప్పులు విడిచీ విడవకుండా వంటగదిలోకి పరిగెత్తింది. చెంచాడు నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నది మింగలేక సింకు దగ్గరికి వెళ్లి ఉమ్మేసింది.

"పాపా, ఇత్నా నమక్?" అంది. ఇంత ఉప్పేమిటి నాన్నా అని. తర్వాత గొంతు తగ్గించి, "మమ్మీ నే యే ఖాయా? పూరా?" అని అడిగింది.

తిన్నది, పళ్లెం మొత్తం తిన్నది అన్నాడు అప్పన్న. కూతురు తల్లి పడుకున్న గది వైపు చూసింది. అప్పన్న ఆ చూపు పట్టుకున్నాడు. మూకుట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఇంకొకరి కోసం వండినదాని రుచి తను చూడడం అతని బతుకులో అదే మొదటిసారి. నాలుక ముడుచుకుపోయింది. నాలుగు గిన్నెల ఉప్పూ ఒకేచోట ఉంది. పైగా చీజులో దాని ఉప్పు దానికి ఉండనే ఉంది. ఎవరికి వారికి సరిపోయే వంట నలుగురిదీ కలిపి ఒక మనిషికి పెట్టేశాడు.

అది తిని బాగుందన్న మనిషి దగ్గరికి వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. ఆమె చూసీ చూడగానే గ్రహించింది. అతను అడగక ముందే అడిగింది.

"ఉప్పెక్కువైందా?"

"నీకు తెల్దా నూకాలూ?"

నూకమ్మ చీర అంచు సవరించుకుంది. తర్వాత చెప్పింది. "నాకు ఏటీ తెల్దు బావా. కరెంటు ఎట్టినకాడ్నించి నాలిక మీద ఏదెట్టినా ఒకటే. పప్పు పప్పులాగుండదు, సారు సారులాగుండదు. పుట్టినకాడ్నించి తిన్న కూడు కదా, ఎలాగుండాలో నాకు తెలుసు. నోట్లో ఎట్టుకుంటే ఏటీ ఉండదు. అప్పుడు గుండె కలుక్కుమంతాది, గొంతు మూసుకుపోతాది. ఇదైతే ఎప్పుడూ తిన్నేదు. దీని రుసేటో నాకు తెల్దు. తెల్నిదాని కోసం ఏడుపేటుంతాది? అందుకే అడిగాను."

ఇన్ని నెలలు ఆమె పళ్లెం జరుపుతుంటే అప్పన్న తన చేతిని తిట్టుకున్నాడు, ఆమె పాత మాటని తిట్టుకున్నాడు. ఆమె జరిపింది అతని వంట కాదు. జరుపుతూ ఆమె ఏడ్చింది దేనికో అతనికి ఒక్కసారీ తట్టలేదు. వండి పెట్టడం తెలుసు గాని, తినేవాళ్ల నోట్లో ఏం జరుగుతుందో అతను ఎన్నడూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడాన్నే నియమం అనుకున్నాడు. ఆ సంగతి అతన్ని చాలా బాధపెట్టింది. ముందే ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాడు. చెబితే మీరిద్దరూ నా పక్కన కూర్చుని ఏడవడం తప్ప ఏం చేస్తారు అంది. అతను చేసింది రోజూ నెట్టేస్తుంటే అతని ముఖం చూడలేకపోయానని కూడా అంది. గుమ్మంలో నిలబడిన బిందుప్రియ ముఖం తిప్పుకుంది.

రుచి మళ్లీ వస్తుందని డాక్టరు చెప్పాడట, ఎప్పుడన్నది ఆయనకీ తెలియదట. తూకం వేసే రోజు మాత్రం దగ్గర పడుతోంది. ఒక్క పళ్లెంతో మనిషి బరువు పెరగదు. అప్పన్న మర్నాడు పొద్దున్నే మళ్లీ సునీల్ కొట్టుకి వెళ్లాడు.

ఈసారి గిన్నెలు నాలుగే గాని ఉప్పు పాస్తా నీళ్లలో మాత్రమే వేశాడు. ఉల్లిపాయల దగ్గర నూకమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది, మంట గురించి ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. అంతా కలిపాక అప్పన్న గరిటె అంచుతో కొంచెం అరచేతిలో వేసుకున్నాడు. వెంకటరావు ఉంటే ఏమనేవాడో. నాకాడు. చాలేదనిపించి చిటికెడు వేశాడు, మళ్లీ నాకాడు.

పళ్లెం తెచ్చి ఇస్తే నూకమ్మ చెంచా అందుకోలేదు.

"ఎలాగుంది?"

"బాగుంది," అన్నాడు.

"బాగుందంటే నాకేటి తెలుత్తాది? నువ్వు తిని సెప్పు."

ఆ ఇంట్లో భర్త తిన్న పళ్లెంలో భార్య తినడం ఉంది గాని, భార్య పళ్లెంలోంచి భర్త తినడం లేదు. అప్పన్న కుర్చీ ముందు నేల మీద కూర్చుని, ఆమె పళ్లెంలోంచి ఒక చెంచా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆలోచించాడు. మళ్లీ నమిలాడు.

"ఉల్లిపాయి తియ్యగుంది," అన్నాడు చివరికి. "బెల్లం తీపి కాదు. సిలకడదుంప నిప్పుల్లో కాల్సితే తొక్క కింద అంటుకుని ఉంటాది సూడు, అలాటి తీపి. కొంచెం మాడు వాసన."

నూకమ్మ కళ్లు మూసుకుంది. అతను అదే చెంచాతో ఆమెకి పెట్టాడు. ఆమె నెమ్మదిగా నమిలింది, మింగింది. కళ్లు తెరవకుండానే మాంసం ఎలా ఉందని అడిగింది. అప్పన్న ఇంకో చెంచా తిన్నాడు. మెత్తగా ఉందనీ, పెనం కాలిన చోట మాత్రం కరకరమంటోందనీ, పాల మీగడ అంతటికీ పట్టిందనీ, ఉప్పు ఉందో లేదో అన్నట్టు వెనకాల ఎక్కడో ఉందనీ, తడుముకుంటూ, తప్పు చెబుతానేమోనని జంకుతూ చెప్పుకొచ్చాడు.

"ఇంకా సెప్పు," అని నూకమ్మ నోరు తెరిచింది.